బ్యారెల్ ప్రూఫ్ అమెరికన్ విస్కీలను రుచి చూసి పోల్చడం ఎలా?

పీపాలోంచి దించిన బలంతోనే, దాదాపు నీళ్లు కలపకుండా సీసాలో పోసిన విస్కీని బ్యారెల్ ప్రూఫ్ అంటారు. 60 శాతం ఆల్కహాల్ దాటిన అలాంటి రెండు విస్కీలను పక్కపక్కన పెట్టి తాగితే చాలామందికి తెలిసేది ఒక్కటే: ఏది ఎక్కువ మండింది అని. ఆ మంటనే కొందరు గొప్పగా చెప్పుకుంటారు, కొందరు అదే కారణంతో సీసాను పక్కన పడేస్తారు. రెండు తీర్పులూ ఆల్కహాల్ మీదే, విస్కీ మీద కాదు. ఘాటు వెనక ఏ ధాన్యం ఉంది, ఎన్నేళ్ల పీపా ఉంది అన్నది తెలియాలంటే పోలిక రెండుసార్లు చేయాలి: ఒకసారి సీసాలో ఉన్న బలంతోనే, ఇంకోసారి అన్నిటినీ 50 శాతానికి దించి. కింది పద్ధతి అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మందు తాగే వయసు అమెరికాలోనూ, మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 21. ఆ రోజు బండి తీసే పని ఉంటే ఈ కార్యక్రమం ఇంకో రోజుకు పెట్టుకోండి.

ముందు ప్రశ్న, తర్వాత సీసాలు

చేతికి దొరికిన ఐదు సీసాలు వరసగా పెడితే ఏమీ తెలియదు. ధాన్యం వేరు, వయసు వేరు, డిస్టిలరీ వేరు అయినప్పుడు తేడా కనిపించినా అది దేనివల్లో చెప్పలేం. ఒకసారికి ఒకే ప్రశ్న పెట్టుకుని, మిగతావి వీలైనంత ఒకేలా ఉండేటట్టు చూసుకోండి.

మొదటిసారి చేసేవాళ్లకు అన్నిటికంటే మంచి జోడీ వైల్డ్ టర్కీ 101, వైల్డ్ టర్కీ రేర్ బ్రీడ్. రెండూ కెంటకీలోని ఒకే డిస్టిలరీవి. ధాన్యం పాళ్లు కూడా ఒకటే: 75 శాతం మొక్కజొన్న, 13 శాతం రై (గోధుమను పోలిన ధాన్యం), 12 శాతం బార్లీ మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ). 101లో ఆల్కహాల్ 50.5 శాతం, రేర్ బ్రీడ్‌లో 58.4. రేర్ బ్రీడ్‌ని 50.5కి దించి 101 పక్కన పెట్టండి. ఆల్కహాల్ తేడా పోయాక కూడా రేర్ బ్రీడ్‌లో ఓక్ చెక్క రుచి ఎక్కువగా, ముగింపు పొడవుగా అనిపిస్తే అది అందులో కలిసిన పెద్ద వయసు పీపాల పని. ఇంతకంటే తేలికగా నేర్చుకునే పాఠం ఇంకోటి లేదు.

ధాన్యం తేడా తెలుసుకోవాలంటే రేర్ బ్రీడ్ బోర్బన్ (మొక్కజొన్న ఎక్కువగా ఉండే అమెరికన్ విస్కీ), రేర్ బ్రీడ్ రై (రై ఎక్కువగా ఉండేది) తీసుకోండి. రైది 56.1 శాతం. ఇల్లు ఒకటే, ప్రధానంగా మారేది ధాన్యం. రై పెరిగిన చోట మిరియాల కారం, పుదీనా, లవంగం ముందుకొస్తాయి. రై బదులు గోధుమ పడితే ఏమవుతుందో చూడాలనుకుంటే మేకర్స్ మార్క్ కాస్క్ స్ట్రెంగ్త్ (కాస్క్ స్ట్రెంగ్త్ అన్నా బ్యారెల్ ప్రూఫ్ అన్నా ఒకటే; 54 నుంచి 57 శాతం మధ్య ఉంటుంది) లేదా లార్సెనీ బ్యారెల్ ప్రూఫ్ చేర్చండి. గోధుమ బోర్బన్లలో కారం తగ్గి, బ్రెడ్డు, తేనె, ఎండుపళ్ల వైపు వెళ్తుంది.

బ్యాచ్‌ల తేడా చూడాలంటే ఎలైజా క్రెయిగ్ బ్యారెల్ ప్రూఫ్‌ని మించింది లేదు. ఏడాదికి మూడుసార్లు వస్తుంది. లేబుల్ మీది కోడ్‌లో అక్షరం ఆ ఏడాదిలో ఎన్నో విడతో, తర్వాతి అంకె నెలను, చివరి రెండు అంకెలు సంవత్సరాన్ని చెబుతాయి. సి923 అంటే 2023 సెప్టెంబరులో వచ్చిన మూడో విడత: 66.5 శాతం, 13 ఏళ్ల 7 నెలలు. దాని వెంటనే వచ్చిన ఏ124 మాత్రం 59.5 శాతం, 10 ఏళ్ల 9 నెలలు. పేరు ఒకటే, సీసా ఒకటే, లోపల మనిషి వేరు. అందుకే ఒక బ్యాచ్ రుచి చూసి ఆ బ్రాండు మొత్తం మీద తీర్పు చెప్పకూడదు.

ఒక్కసారికి మూడు విస్కీలు సరిపోతాయి, నాలుగు దాటకండి. నాలుగోదాని తర్వాత నాలుక చెప్పేవన్నీ అబద్ధాలే.

లేబుల్ మీద చూడాల్సినవి

అమెరికన్ ప్రూఫ్‌ని రెండుతో భాగిస్తే ఆల్కహాల్ శాతం వస్తుంది. 125 ప్రూఫ్ అంటే 62.5 శాతం. మన దేశంలో పాత బ్రిటిష్ లెక్క వేరు: మన మామూలు 42.8 శాతం విస్కీని 75 డిగ్రీల ప్రూఫ్, 25 యూపీ (అండర్ ప్రూఫ్) అంటారు. అదే సరుకు అమెరికా లెక్కలో 85.6 ప్రూఫ్. ఈ రెండు లెక్కలూ కలిపేసి మాట్లాడితే గందరగోళమే. శాతంలోనే మాట్లాడుకోవడం మంచిది.

బోర్బన్ అనిపించుకోవాలంటే అమెరికాలో తయారవ్వాలి. ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలోనే ఉంచాలి. పీపాలోకి పోసేటప్పుడు ఆల్కహాల్ 62.5 శాతం మించకూడదు. మరి సీసాలోకి 66 ఎలా వచ్చింది? కెంటకీ గోదాముల పై అంతస్తుల్లో ఎండాకాలం వేడికి పీపా చెక్కలోంచి ఆల్కహాల్ కంటే నీరు ఎక్కువగా ఆవిరైపోతుంది, అందుకని ఏళ్లు గడిచేకొద్దీ బలం పెరుగుతుంది. స్కాట్లాండ్ చల్లని తేమలో దీనికి తిరగబడి, బలం తగ్గుతుంది.

కాబట్టి పీపాలోకి ఎంత బలంతో పోశారన్నది తెలుసుకుంటే రుచి సగం అర్థమవుతుంది. మేకర్స్ మార్క్ 55 శాతంతో, వైల్డ్ టర్కీ 57.5 శాతంతో పోస్తారు. చాలా డిస్టిలరీలు చట్టం ఒప్పుకునే 62.5 దాకా వెళ్తాయి. తక్కువ బలంతో పోసిన దాంట్లో నీటిలో కరిగే చెక్క చక్కెరలు ఎక్కువగా దిగుతాయి. ఆ విస్కీలు నీళ్లు కలపకుండానే నోటికి గుండ్రంగా తగులుతాయి.

బ్యారెల్ ప్రూఫ్ అని రాసి ఉంటే పీపా దించినప్పటి బలానికీ సీసాలోని బలానికీ రెండు ప్రూఫ్‌లకు మించి తేడా ఉండకూడదు. బాటిల్డ్ ఇన్ బాండ్ అన్నది 1897 నాటి చట్టం: ఒకే డిస్టిలరీ, ఒకే సీజను, కనీసం నాలుగేళ్లు, కచ్చితంగా 50 శాతం. కొలబద్దగా పెట్టుకోవడానికి ఇలాంటి సీసా ఒకటి ఇంట్లో ఉండడం చాలా మేలు. బోర్బన్‌లో వయసు రాసి ఉంటే అది లోపలున్న అన్నిటికంటే చిన్న వయసు విస్కీది. స్ట్రెయిట్ బోర్బన్‌లో (కనీసం రెండేళ్లు పీపాలో ఉన్నది) రంగు, ఫ్లేవర్ కలపడం నిషేధం, కాబట్టి కనిపించే రంగంతా పీపాదే.

గది, గ్లాసులు, నీళ్లు

తులిప్ పువ్వులా పైకి సన్నబడే గ్లాసు కావాలి. గ్లెన్‌కెయిర్న్ అనే విస్కీ గ్లాసు ఉంటే మంచిది, లేకపోతే చిన్న వైన్ గ్లాసైనా చాలు. అన్నీ ఒకే రకం ఉండాలి. వెడల్పు మూతి గ్లాసులో వాసన నిలవదు. ముందురోజే వేడినీళ్లతో కడిగి బోర్లించకుండా ఆరబెట్టండి. బోర్లిస్తే కింద పరిచిన బట్ట వాసన గ్లాసులో ఇరుక్కుంటుంది, డిష్‌వాష్ సబ్బు నిమ్మ వాసన దానికంటే మొండిది. పోసేముందు ఖాళీ గ్లాసును ఒకసారి వాసన చూడండి. ఏదైనా తగిలితే మళ్లీ కడగాల్సిందే.

మెడికల్ షాపులో 10 మి.లీ. సిరంజి ఒకటి, 2 మి.లీ. సిరంజి ఒకటి సూది లేకుండా కొనండి. పెద్దది విస్కీకి, చిన్నది నీళ్లకు. విస్కీని సిరంజిలో నింపి వదిలేయకండి, పిస్టన్ రబ్బరు వాసన ఎక్కుతుంది. పీల్చిన వెంటనే గ్లాసులోకి వదలండి.

నీళ్లు ఆర్‌వోవో, ఉప్పు తక్కువున్న బాటిల్ నీళ్లో వాడండి. బోరు నీళ్ల ఉప్పదనం 50 శాతం విస్కీలో కూడా తెలుస్తుంది.

ఆ గదిలో అగరబత్తి, దోమల చుట్ట, రూమ్ ఫ్రెషనర్ ఏవీ ఆ పూట ఉండకూడదు. వంటింట్లో తాలింపు పడుతుంటే మొదలుపెట్టకండి. అత్తరు, సెంటు వద్దు. ఎండాకాలం 35 డిగ్రీల గదిలో ఆల్కహాల్ ఆవిరి ముక్కుని కమ్మేస్తుంది, మిగతా వాసన ఏదీ పైకి రాదు. ఏసీ వేసి 22–24 డిగ్రీలకు తెచ్చుకోండి, సీసాలు కూడా గంట ముందు ఆ గదిలోనే పెట్టండి. ఐసు వద్దు. ఇంకో సంగతి: 60 శాతం విస్కీ ఆవిరి మామూలు గది వేడిలోనే నిప్పంటుకుంటుంది. కొవ్వొత్తులు, సిగరెట్లు దగ్గర ఉంచకండి.

తిండి విషయానికొస్తే, గంటన్నర ముందు తేలికగా తినండి. ఖాళీ కడుపుతో ఈ బలం తాగకూడదు. ఆవకాయ, బిర్యానీ, కాఫీ, వక్కపొడి మాత్రం ఆ తర్వాతకి. మధ్యమధ్య నోరు శుభ్రం చేసుకోవడానికి ఉప్పు లేని మరమరాలు, తెల్ల బ్రెడ్డు, మంచినీళ్లు చాలు.

ఎంత పోయాలి

గ్లాసుకు 10 మి.లీ., అంతే. తక్కువ అనిపిస్తుంది, కానీ లెక్క చూడండి. 64 శాతం విస్కీ 20 మి.లీ.లో ఉన్న ఆల్కహాల్, మన 42.8 శాతం 30 మి.లీ. పెగ్గులో ఉన్నదానితో సమానం. 60 శాతం విస్కీలు నాలుగు, పదేసి మి.లీ. చొప్పున మింగితే దాదాపు రెండు పెగ్గులు. రెండు విడతలు చేస్తే నాలుగు. అందుకే ఉమ్మడానికి ఒక గిన్నె పక్కన పెట్టుకోండి. రుచి చూడడం వృత్తిగా ఉన్నవాళ్లు చాలామంది ఉమ్ముతారు, ఇందులో నామోషీ ఏం లేదు.

పోసి, గ్లాసు మీద చిన్న మూత పెట్టి పది నిమిషాలు వదిలేయండి. తర్వాత మూత తీసి ఇంకో రెండు నిమిషాలు ఆగండి. మొదట పైకి లేచే పచ్చి ఘాటు ఈలోగా కొంత పోతుంది. అన్ని గ్లాసులకూ ఒకే సమయం ఇవ్వాలి. ఒకటి ఐదు నిమిషాలు, ఇంకోటి అరగంట ఆగితే మీరు పోల్చేది గాలి తగిలిన సమయాన్ని మాత్రమే.

వాసన

గ్లాసులో ముక్కు దూర్చకండి. 60 శాతంలో ఆ ఒక్క పొరపాటుతో తర్వాతి ఐదు నిమిషాలు ముక్కు పనిచేయదు. గ్లాసును గడ్డం దగ్గర పట్టుకుని, నోరు కొంచెం తెరిచి, చిన్నగా పీల్చండి. నోరు తెరిచి ఉంటే ఆల్కహాల్ పోటు తగ్గుతుంది. కుట్టకపోతే మెల్లగా పెదవి దాకా తేవాలి. కుట్టిన చోట ఆగి, కొద్దిగా వెనక్కి జరిపి, అక్కడే వాసన చూడండి. గ్లాసు మూతి పై అంచు దగ్గర తేలికైన పళ్ల వాసనలు, కింది అంచు దగ్గర బరువైన చెక్క వాసనలు విడిగా దొరుకుతాయి.

దొరికిన వాసనకు ఇంగ్లీషు సమీక్షల్లోని పేర్లే పెట్టక్కర్లేదు. మీకు తెలిసినదే రాయండి. కొత్త ఓక్ పీపా నుంచి వచ్చేవి ప్రధానంగా వనిల్లా, కొబ్బరి, లవంగం, కాల్చిన చక్కెర. మనకు అవి ముదురు బెల్లం పాకంగానో, వేయించిన కొబ్బరిగానో తగలొచ్చు. జిమ్ బీమ్ ఇంటి బుకర్స్‌లో వేరుశనగ అచ్చు వాసన చాలామందికి దొరుకుతుంది. జాక్ డేనియల్స్ సింగిల్ బ్యారెల్ బ్యారెల్ ప్రూఫ్‌లో బాగా మగ్గిన అరటిపండు. ఇండియానాలోని లారెన్స్‌బర్గ్‌లో 95 శాతం రైతో కాచే విస్కీల్లో సోయకూర. అల్లం, సోంపు, ఎండు ఖర్జూరం, కొత్త తోలు చెప్పు, తడిసిన కట్టె, పొగాకు ఇవన్నీ చెల్లుతాయి. రెండు వారాల తర్వాత చదువుకున్నా మీకు ఆ విస్కీ గుర్తొస్తే ఆ మాట సరైనదే.

మొదటి గుటక లెక్కలోకి రాదు

ముందు మీ 50 శాతం కొలబద్ద విస్కీని పావు చెంచా నోట్లో వేసుకుని, అంతా తిప్పి, మింగండి లేదా ఉమ్మండి. ఇది నోటిని అలవాటు చేయడానికే. దీని మీద ఏమీ రాయకండి. నేరుగా 65 శాతంతో మొదలుపెడితే మొదటి గ్లాసుకు అన్యాయం జరుగుతుంది: అది ఏదైనా సరే ‘మంట’ అనే రాస్తారు.

ఒక నిమిషం ఆగి మొదటి పోటీ గ్లాసు తీసుకోండి. అర చెంచాకు మించకుండా తీసుకుని, నాలుక మీద నిలిపి, మెల్లగా నమిలినట్టు ఐదారు సెకన్లు తిప్పండి. లాలాజలం చేరి బలం తనంతట తానే తగ్గుతుంది. ఆ తగ్గే సమయంలోనే రుచులు విడివిడిగా బయటపడతాయి. మింగాక నోరు మూసి ముక్కుతో గాలి వదలండి. అప్పుడు వెనక నుంచి వచ్చే వాసనే అసలు ముగింపు.

చూడాల్సినవి మూడు. మంట ఎక్కడ తగిలింది? నాలుక కొసన సూదిలా గుచ్చితే చిన్న వయసు సరుకు కావచ్చు, ఛాతీలో వెచ్చగా పాకితే బలం ఉన్నా కుదిరిన విస్కీ. తీపి, చేదు, వగరు ఏ వరసలో వచ్చాయి? చివర్లో పళ్ల చిగుళ్లు బిగిసేంత వగరు వస్తే పీపాలో ఎక్కువకాలం ఉండిపోయిందని అనుమానించవచ్చు. రుచి ఎంతసేపు నిలిచింది? దీనికి గడియారం చూడండి.

గ్లాసుకూ గ్లాసుకూ మధ్య కనీసం మూడు నిమిషాలు, రెండు గుక్కల నీళ్లు, నాలుగు మరమరాలు.

50కి దించడం

ఇప్పుడు అసలు పని. ప్రతి విస్కీదీ ఇంకో 10 మి.లీ. కొత్త గ్లాసులోకి తీసుకోండి. నీళ్ల లెక్క చాలా తేలిక: సీసా మీది అమెరికన్ ప్రూఫ్‌లోంచి 100 తీసేసి పదితో భాగించండి. వచ్చిందే కలపాల్సిన మి.లీ. 110 ప్రూఫ్‌కు 1 మి.లీ., 116.8కి దాదాపు 1.7, 125కి 2.5, 133కి 3.3. శాతంలో చూస్తే 50 పైన ఒక్కో శాతానికి 0.2 మి.లీ. నీళ్లూ ఆల్కహాలూ కలిసినప్పుడు మొత్తం కొద్దిగా కుంచించుకుపోతుంది, ఈ పరిమాణంలో ఆ తేడా నాలుకకు తెలియదు. 10 మి.లీ. రేర్ బ్రీడ్‌ని 101 పక్కన పెట్టడానికి 50.5కి దించాలంటే 1.6 మి.లీ. చాలు.

నీళ్లు ఒకేసారి పోయకండి. సగం పోసి, తిప్పి, రెండు నిమిషాలాగి వాసన చూసి, మిగతా సగం పోయండి. తర్వాత పది నిమిషాలు వదిలేయాలి. వెంటనే తాగితే నీళ్లు కలిపిన మందులా పలచగా, విడిపోయినట్టు అనిపిస్తుంది.

నీళ్లు కలిపితే రుచి ఎందుకు పెరుగుతుందన్న దానికి ఆధారం ఉంది. 2017లో స్వీడన్‌లోని లినేయస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పొగ వాసననిచ్చే గ్వయకాల్ అనే పదార్థం మీద కంప్యూటర్ లెక్కలు చేశారు. ఆల్కహాల్ 59 శాతం దాటిన మిశ్రమంలో ఇథనాల్ అణువులు దాన్ని చుట్టేసి లోపలే పట్టి ఉంచుతాయి. 45 శాతం దాకా దించితే అది ద్రవం పైభాగానికి, గాలి తగిలే చోటికి చేరుతుంది.

ఇక్కడే బండారం బయటపడుతుంది. 66 దగ్గర గంభీరంగా కనిపించిన విస్కీ 50కి దిగేసరికి చేదు చెక్క, పలచని తీపి మాత్రమే మిగిల్చితే, అంతసేపూ మాట్లాడింది ఆల్కహాలే. 57 దగ్గర మామూలుగా ఉన్నది 50 దగ్గర పళ్లూ దినుసులూ విప్పితే అదే గట్టి సరుకు. ఇంకా దించి 45 దగ్గర చూడాలన్న కోరిక పుడితే చూడండి. మసకబారితే భయపడక్కర్లేదు. చల్లబరిచి వడకట్టని విస్కీలో ఉండే కొవ్వు ఎస్టర్లు 46 కిందికి వచ్చాక విడిపోయి అలా కనిపిస్తాయి. సరుకు చెడిపోయిందని కాదు.

పేరు దాచి పరీక్ష

ధర, సీసా ఆకారం, స్నేహితుడి పొగడ్త నాలుకను లొంగదీస్తాయి. అందుకని చివరి విడత పేర్లు దాచి చేయాలి. ఇంట్లో తాగనివాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లతో పోయించి, గ్లాసు అడుగున చిన్న చీటీ అంటింపజేయండి. రంగును బట్టి కనిపెట్టకుండా గ్లాసుల చుట్టూ కాగితం చుట్టండి.

పోల్చేవి రెండే అయితే మూడు గ్లాసులు పెట్టమనండి, రెండింట్లో ఒకటే విస్కీ, మూడోదాంట్లో వేరే. వేరేది ఏదో చెప్పండి. ఊరికే ఊహించినా మూడింట ఒకసారి తగులుతుంది, కాబట్టి ఒక్క గెలుపును నమ్మకండి. వేర్వేరు రోజుల్లో మూడుసార్లూ సరిగ్గా చెబితే, ఊహ మీద అలా జరిగే అవకాశం 27లో ఒకటి. అప్పుడు తేడా నిజమే. చెప్పలేకపోతే తక్కువ ధరది కొనుక్కోండి.

నోట్సులో విస్కీ పేరు, బ్యాచ్ కోడ్, శాతం, సీసా తెరిచిన తేదీ, సీసాలో ఎంత మిగిలి ఉంది, గది వేడి తప్పకుండా రాయండి. మార్కులు సీసా బలం దగ్గర ఒకటి, 50 దగ్గర ఒకటి. రెండు మార్కుల మధ్య దూరమే మీకు పనికొచ్చే సమాచారం. వందకు 91.5 వంటి మార్కులు వద్దు, ఏది ముందు ఏది వెనక అన్న వరస చాలు.

తేడా కొట్టే చోట్లు

అప్పుడే బిరడా తీసిన సీసా మొదటి గ్లాసు తరచూ బిగుసుకున్నట్టు, ఘాటుగా ఉంటుంది. రెండు వారాలాగి మళ్లీ చూడండి. కొత్త సీసాను సగమైన సీసాతో పోల్చడం కూడా తప్పే. పావు వంతు మాత్రమే మిగిలినది గాలి తగిలి మెత్తబడి, కొన్నాళ్లకు చప్పబడుతుంది. అలాంటిదాన్ని చిన్న గాజు సీసాలోకి మూతి దాకా నింపి పెట్టుకోండి.

వరసలో చివరి గ్లాసుకు ఎప్పుడూ నష్టమో లాభమో జరుగుతుంది. రెండో రోజు వరస తిప్పి చేయండి. జలుబు, ఎలర్జీ ఉన్నప్పుడు మానుకోండి.

సీసాలను ఎప్పుడూ నిలబెట్టే దాచాలి. పడుకోబెడితే ఈ బలానికి కార్కు నానిపోయి విరుగుతుంది, వాసన విస్కీలోకి దిగుతుంది. ఎండ తగలకూడదు.

అమెరికా నుంచి తెచ్చుకునేవాళ్లకు: 70 శాతం దాటిన మందు విమానంలో ఎక్కించనివ్వరు, లగేజీలో కూడా. జాక్ డేనియల్స్ 2021లో తెచ్చిన కోయ్ హిల్ లాంటి కొన్ని సీసాలు ఆ గీత దాటాయి, కొనేముందే శాతం చూడండి. 24 నుంచి 70 శాతం మధ్యవి తెరవని సీసాలైతే చెక్-ఇన్ లగేజీలో మనిషికి 5 లీటర్ల దాకా ఒప్పుకుంటారు. కానీ భారత్‌లో సుంకం లేకుండా వదిలేది 2 లీటర్లే, అంటే 750 మి.లీ. సీసాలు రెండు. ఆ రెండు ఏవన్నది మీ ప్రశ్నను బట్టి ఎంచుకోండి: ఒకే ఇంటి 101, రేర్ బ్రీడ్ అయితే మొదటి పోలికకు కావాల్సింది మొత్తం వచ్చేసినట్టే. సీసా మెడ, మూత చుట్టూ ప్లాస్టిక్ రేపర్ బిగించి, జిప్ కవర్లో పెట్టి, పెట్టె నడిమధ్యన బట్టల్లో చుట్టండి.